ఆజ్ఞ మీరిన విధేయుడు: ప్రష్యా జనరల్ యోర్క్

నెపోలియన్ యుద్ధాల కాలపు ప్రష్యా జనరళ్లలో యోహాన్ డేవిడ్ లూడ్విగ్ యోర్క్‌ది విచిత్రమైన స్థానం. క్రమశిక్షణ విషయంలో అంత కఠినుడు ఆ సైన్యంలో అరుదు. అయినా ఆయన పేరు చరిత్రలో నిలిచింది రాజు అనుమతి లేకుండా శత్రువుతో చేసుకున్న ఒక ఒప్పందం వల్ల. 1812 డిసెంబరు 30న టౌరోగెన్ దగ్గర ఆయన చేసిన ఆ సంతకం ఐరోపా రాజకీయాలనే మలుపు తిప్పింది.

యోర్క్ 1759 సెప్టెంబరు 26న పొట్స్‌డామ్‌లో పుట్టాడు. తండ్రి వంశం పొమెరేనియాలోని కషూబియన్ చిన్న కులీనులది. పేరుకు కులీనులే గాని పెద్ద ఎస్టేట్లు గలవారు కాదు. అలాంటి ఇళ్లలో కొడుకులకు ప్రధానమైన జీవనోపాధి సైన్యమే. తండ్రి ఫ్రెడరిక్ ద గ్రేట్ కొలువులో అధికారి. యోర్క్ కూడా 1772లో, పదమూడేళ్లు నిండీ నిండకముందే సైన్యంలో చేరాడు.

ఆ ఉద్యోగం ఎంతోకాలం నిలవలేదు. 1778-79లో ఆస్ట్రియాతో జరిగిన బవేరియా వారసత్వ యుద్ధంలో ఒక కెప్టెన్ చర్చిలోని పూజాపీఠపు వస్త్రాన్ని దోచుకున్నాడని యోర్క్‌కు తెలిసింది. అలాంటి మనిషికి గౌరవ వందనం చేయనని కవాతులో అందరి ముందూ మొండికేశాడు. పై అధికారిని ధిక్కరించిన నేరానికి కోటలో ఏడాది ఖైదు పడింది, ఉద్యోగం కూడా పోయింది. దోపిడీ జరిగిందా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాలేదు. కింది అధికారి నోరెత్తడమే అసలు తప్పయింది.

స్వదేశంలో దారి మూసుకుపోవడంతో 1781లో డచ్చి కొలువులో చేరాడు. డచ్చి ఈస్ట్ ఇండియా కంపెనీ కిరాయికి తెచ్చుకున్న స్విస్ పటాలం ద మ్యూరాన్ రెజిమెంటులో కెప్టెన్‌గా కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కూ, తూర్పు సముద్రాల వైపూ వెళ్లాడు. ఇదే రెజిమెంటు తరువాత ఆంగ్లేయుల చేతికి మారి, 1799లో టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం ముట్టడిలో పాల్గొంది. అప్పటికి యోర్క్ ఇంటిదారి పట్టి చాలా ఏళ్లయింది. ఫ్రెడరిక్ బతికున్నంతకాలం ప్రష్యా సైన్యంలో ఆయనకు చోటు దొరకలేదు. 1786లో ఆ రాజు చనిపోయాక, మరుసటి ఏడాది కొత్త రాజు రెండో ఫ్రెడరిక్ విలియం తిరిగి కొలువిచ్చాడు.

ఈసారి యోర్క్‌కు తగిన పని దొరికింది. 1794లో పోలండ్ దండయాత్రలో పాల్గొన్నాక 1799లో యేగర్ల రెజిమెంటు నాయకత్వం ఆయనకు దక్కింది. యేగర్ అంటే వేటగాడు. అడవి కాపలాదారుల కుటుంబాల నుంచీ, గురి చూసి కాల్చడం చిన్ననాడే నేర్చినవారి నుంచీ ఈ సిపాయిలను ఎంచుకునేవారు. అప్పటి ప్రష్యా సైన్యం బారులు తీరి, భుజం భుజం తాకేలా నిలబడి, ఒకే ఆజ్ఞకు అంతా కలిసి కాల్చేది. యేగర్లు మాత్రం విడివిడిగా, చెట్ల చాటునా గట్ల చాటునా సర్దుకుని, ఎవరి గురి వారే చూసుకునేవారు. గుంపుగా కాకుండా ఒంటరిగా ఆలోచించి పోరాడే సిపాయిని తయారుచేయడం యోర్క్ పని. తాను పాతకాలపు మనిషే అయినా, కొత్త యుద్ధపద్ధతిని ఆయన శ్రద్ధగా నేర్పాడు.

ఆ శిక్షణ 1806లో అక్కరకొచ్చింది. అక్టోబరు 14న యేనా, ఆవుర్‌స్టెట్ దగ్గర నెపోలియన్ సేనలు ప్రష్యా సైన్యాన్ని చిత్తుచేశాయి. మిగిలిన దళాలు ఉత్తరానికి పారిపోతుంటే వాటి వెనక కాపుగా యోర్క్ నిలిచాడు. అక్టోబరు 26న ఎల్బే నది ఒడ్డున ఆల్టెన్‌త్సౌన్ దగ్గర ఆయన యేగర్లు కంచెల వెనకా కరకట్టల వెనకా మాటువేసి సూల్ట్ మార్షల్ ముందు దళాలను ఆపారు. ఈలోగా మిగతా సైన్యం నది దాటింది. అంతా ఓడిపోతున్న ఆ నెలలో ప్రష్యాకు దక్కిన ఊరట అదొక్కటే అన్నా తప్పులేదు. నవంబరు 6న లూబెక్ వీధుల్లో పోరాడుతూ యోర్క్ తీవ్రంగా గాయపడి ఖైదీ అయ్యాడు. తరువాత ఖైదీల మార్పిడిలో విడుదలయ్యాడు.

1807లో టిల్సిట్ సంధితో ప్రష్యా దాదాపు సగం భూభాగం కోల్పోయింది. మరుసటి ఏడాది ఒప్పందం సైన్యాన్ని 42 వేలకు కుదించింది. ఈ దెబ్బ నుంచి తేరుకోవడానికి మంత్రి ష్టైన్, సైనికాధికారులు షార్న్‌హోర్స్ట్, గ్నైజెనౌ వంటివారు సంస్కరణలు మొదలుపెట్టారు. రైతుల బానిసత్వం తొలగింది. సైన్యంలో అధికారి పదవులు కులీనులు కానివారికీ తెరుచుకున్నాయి. యోర్క్‌కు ఇవేవీ నచ్చలేదు. కులీనుల హక్కులు పోతే రాజు హక్కులకు కూడా పునాది ఉండదని ఆయన వాదన. 1808లో ష్టైన్ పదవి ఊడినప్పుడు బాహాటంగానే సంతోషించాడు. అయితే తేలికపాటి దళాల శిక్షణలో ఆయనకు సాటి లేదని సంస్కర్తలకూ తెలుసు. అందుకే ఆ పని ఆయన చేతిలోనే ఉంచారు.

1812 ఫిబ్రవరిలో నెపోలియన్ ఒత్తిడికి తలొగ్గి ప్రష్యా రష్యా దండయాత్రకు 20 వేల మందిని ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ దళానికి మొదట గ్రావర్ట్ నాయకుడు. ఆయన జబ్బుపడటంతో నాయకత్వం యోర్క్‌కు వచ్చింది. ఫ్రెంచి మార్షల్ మెక్డోనల్డ్ కింద ఈ దళం రీగా కోట వైపు ఉండటం వల్ల మాస్కో దారిలోని వినాశనం దీన్ని తాకలేదు. డిసెంబరులో నెపోలియన్ మహాసైన్యం మంచులో కరిగిపోయాక మెక్డోనల్డ్ వెనుదిరిగాడు. ముందు ఆయన, వెనక యోర్క్ నడుస్తుండగా రష్యా జనరల్ డీబిట్ష్ మధ్యలో జొరబడి దారికి అడ్డు నిలిచాడు.

డీబిట్ష్ దగ్గరున్న బలం ఒకటిన్నర వేలకు మించదు. యోర్క్ తలచుకుంటే దాన్ని చీల్చుకుని పోగలిగేవాడు. కాబట్టి అది లొంగక తప్పని స్థితి కాదు, రాజకీయ నిర్ణయం. మాటామంతీ జరిపిన ఇరుపక్షాల వారూ ప్రష్యన్లే కావడం మరో విశేషం. డీబిట్ష్ సైలీషియాలో పుట్టిన ప్రష్యా అధికారి కొడుకు. రష్యా తరఫున రాయబారం నడిపిన కార్ల్ ఫాన్ క్లాజెవిట్స్, నెపోలియన్‌తో పొత్తు ఇష్టంలేక ప్రష్యా కొలువు వదిలిన సైనికుడు. యుద్ధశాస్త్రంపై ఆయన రాసిన పుస్తకమే తరువాత జగత్ప్రసిద్ధమైంది. యోర్క్ రోజుల తరబడి నాన్చాడు. బెర్లిన్‌కు దూతలను పంపినా రాజు స్పష్టంగా ఏమీ చెప్పలేదు. డిసెంబరు 29 రాత్రి క్లాజెవిట్స్ రెండు ఉత్తరాలతో వచ్చాడు. వాటిని చదివాక, రష్యా సేనలు నిజంగా అంత దగ్గరికి వచ్చాయా అని యోర్క్ ఆయన్నే నిలదీసి అడిగాడు. జవాబు విని, చేయి చాపి ఒప్పుకున్నాడు. మర్నాడు టౌరోగెన్ దగ్గర పోషెరూన్ గ్రామంలోని పిండిమరలో సంతకాలయ్యాయి. టౌరోగెన్ ఇప్పుడు లిథువేనియాలోని టౌరాగే.

ఒప్పందంలో యోర్క్ ఫ్రెంచివారిపై యుద్ధం ప్రకటించలేదు, పక్షం కూడా మారలేదు. ఆయన దళం మేమెల్, టిల్సిట్ ప్రాంతంలో తటస్థంగా ఉంటుంది. రాజు దీన్ని కాదని వెనక్కి పిలిస్తే, 1813 మార్చి 1 వరకు రష్యాపై ఆయుధం ఎత్తదు. ఇంత జాగ్రత్తగా రాసుకున్నా ఫలితం పెద్దదే. సుమారు 15 వేల మంది శిక్షితులైన సైనికులు ఫ్రెంచి పక్షం నుంచి తప్పుకున్నారు. తూర్పు ప్రష్యాను కాపాడుకునే ఆశ మెక్డోనల్డ్‌కు పోయింది. జనవరి 3న రాజుకు రాసిన ఉత్తరంలో, తాను తప్పు చేసినట్లయితే ప్రాణం ఇవ్వడానికి సిద్ధమని యోర్క్ తెలిపాడు.

బెర్లిన్‌లో ఫ్రెంచి సేనల నీడలో ఉన్న మూడో ఫ్రెడరిక్ విలియం ఒప్పందాన్ని తిరస్కరించి, యోర్క్‌ను తొలగించి కోర్టు మార్షల్‌కు ఆదేశించాడు. ఆ ఆజ్ఞ తెస్తున్న అధికారిని రష్యా జనరల్ విట్‌గెన్‌ష్టైన్ దాటనివ్వలేదు. వార్త పత్రికల్లో వచ్చినా, జనరల్‌కు ఆజ్ఞలు పత్రికల ద్వారా రావని చెప్పి యోర్క్ పదవిలోనే కొనసాగాడు. ఫిబ్రవరిలో కోనిగ్స్‌బెర్గ్‌లో సమావేశమైన తూర్పు ప్రష్యా ప్రతినిధుల సభ 20 వేల మంది లాండ్వేర్ ప్రజాసైన్యాన్ని లేపడానికి తీర్మానించింది. తాను ఎంతో ద్వేషించిన ష్టైన్ ఏర్పాటుచేయించిన సభలోనే యోర్క్ నిలబడి మాట్లాడాడు. ఈలోగా రాజు బ్రెస్లౌకు తరలి, ఫిబ్రవరి చివర రష్యాతో పొత్తు కుదుర్చుకున్నాడు. మార్చిలో విచారణ యోర్క్‌ను నిర్దోషిగా తేల్చింది. అదే నెల 17న ఆయన సేనతో బెర్లిన్‌లో అడుగుపెట్టాడు. ఆ రోజే రాజు ప్రజలను యుద్ధానికి పిలిచే ప్రకటనపై సంతకం చేశాడు.

1813 వేసవిలో యోర్క్ సైలీషియా సైన్యంలో ప్రష్యా సేనాని బ్లూఖర్ కింద మొదటి దళానికి నాయకుడయ్యాడు. ఆగస్టు 26న కాట్స్‌బాఖ్ దగ్గర కుండపోత వానలో తుపాకులు పేలకపోతే బాయినెట్లతో, తుపాకీ మడమలతో పోరు సాగింది. ఓడిన సేనాని ఏడాది కిందట యోర్క్‌కు పై అధికారిగా ఉన్న మెక్డోనల్డే. అక్టోబరు 3న యోర్క్ ఎల్బే నదిపై పడవల వంతెన వేసి, వార్టెన్‌బర్గ్ దగ్గర ఫ్రెంచి జనరల్ బెర్ట్రాండ్ దళాన్ని తరిమేశాడు. ఆ పోరులో కరకట్టను పట్టుకున్న బెటాలియన్ తన ముందు నుంచి నడిచిపోతుంటే, చివరి సిపాయి దాటేదాకా యోర్క్ టోపీ తీసి నిలబడ్డాడు. ఎవరినీ తేలిగ్గా మెచ్చుకోని మనిషి కాబట్టి సైనికులు దీన్ని మరిచిపోలేదు. అక్టోబరు 16న లైప్‌జిగ్ యుద్ధంలో భాగంగా మ్యోకెర్న్ గ్రామం కోసం ఫ్రెంచి మార్షల్ మార్మోంతో ఇల్లిల్లూ పోరాడి గెలిచాడు. ఆ ఒక్క రోజులో ఆయన దళంలో నాలుగో వంతుకు పైగా నేలకొరిగారు లేదా గాయపడ్డారు.

1814లో ఫ్రాన్స్‌లో మోంమిరాయ్ దగ్గర నెపోలియన్ చేతిలో దెబ్బతిన్నా, మార్చిలో లాన్ దగ్గర రాత్రి దాడితో మార్మోంను చెల్లాచెదురు చేశాడు. అప్పుడు కూడా బ్లూఖర్ ప్రధాన స్థావరంతో తగవుపడి, దళం వదిలి బయలుదేరాడు. బ్లూఖర్ స్వయంగా ఉత్తరం రాస్తేగాని తిరిగి రాలేదు. యుద్ధం ముగిశాక వార్టెన్‌బర్గ్ కౌంట్ అన్న బిరుదు, సైలీషియాలో క్లైన్ ఓల్స్ ఎస్టేట్ దక్కాయి. 1815 యుద్ధంలో ఆయనకు రంగంలో పని ఇవ్వలేదు. కొడుకుల్లో ఒకడు మాత్రం ఆ యుద్ధంలోనే చనిపోయాడు. ఆ ఏడాదే విరమణ తీసుకున్న యోర్క్‌ను 1821లో ఫీల్డ్ మార్షల్‌ను చేశారు. 1830 అక్టోబరు 4న క్లైన్ ఓల్స్‌లో మరణించాడు.

తరువాతి తరాలు ఆయన్ను ఎవరి అవసరానికి వారు వాడుకున్నారు. చరిత్రకారుడు డ్రాయ్‌సెన్ 1850ల మొదట్లో పెద్ద జీవితచరిత్ర రాశాడు. 1855లో బెర్లిన్‌లో రౌఖ్ చెక్కిన విగ్రహం వెలసింది. బీతోవెన్ బొహీమియా లాండ్వేర్ కోసం కట్టిన బాణీ ‘యోర్క్ మార్చ్’గా స్థిరపడి, తూర్పు జర్మనీ సైన్యపు కవాతుల్లోనూ మోగింది. రష్యాతో జర్మనీ స్నేహానికి టౌరోగెన్‌ను ఆనవాలుగా చూపడం ఆ ప్రభుత్వానికి అనువైంది. ఆయన వంశస్థుడు పీటర్ యోర్క్ ఫాన్ వార్టెన్‌బర్గ్ హిట్లర్‌పై కుట్రలో పాల్గొని 1944 ఆగస్టులో ఉరికంబం ఎక్కాడు. పాలకుడిని ఎదిరించినవారు పూర్వీకుడి పేరు తలచుకోవడం సహజమే గాని, జనరల్ యోర్క్ తిరుగుబాటుదారు కాదు. రాజు నోరు విప్పలేని పరిస్థితిలో రాజు కోరేది ఇదేనని నమ్మి సంతకం పెట్టాడు, తేడా వస్తే తల ఇస్తానని రాశాడు. ఆ రాజే మూడు నెలల్లో ఆయన దారికి రావడంతో అది ద్రోహం కాకుండా దేశసేవ అయింది.