రేవు గట్టెక్కింది

మా గణపవరానికి సముద్రం లేదు. ఓడరేవు అంటే మాకు కాకినాడో, బందరో. కానీ రేవు అన్న మాట మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ మా నోళ్లలో నానుతూనే ఉంది. చాకిరేవు, పశువుల రేవు, స్నానాల రేవు, పడవల రేవు అన్నీ ఒకే కాలువ గట్టున పక్కపక్కనే. పొరుగూరి నుంచి చుట్టం వస్తే మా నాయనమ్మ "ఏ రేవులో దిగావురా?" అని అడిగేది. అప్పటికి బస్సులొచ్చి చాలా ఏళ్లయింది. ఆవిడ లెక్కలో మాత్రం మనిషన్నవాడు దిగేది రేవులోనే.

గోదావరి మీద కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆయన కాలువలు పొలాల తడికే తవ్వించాడని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. ఆయనకు అవి రోడ్లు కూడా. లాకులు కట్టింది అందుకే. పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూసేవారు. లోపలి నీళ్లు ముందున్న మట్టానికి సరిపోయాక ముందు తలుపులు తీసేవారు. విజ్జేశ్వరం దగ్గర గోదావరిని వదిలిన పడవ ఏలూరు కాలువలో పడి, ఏలూరులో కృష్ణా నీళ్లను కలిసి, బెజవాడ దాటాక కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల వెంట మద్రాసు దాకా పోగలిగేది. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ. అదీ సాగకపోతే మనుషులు గట్టెక్కి, తాడు భుజాన వేసుకుని లాక్కుపోవడమే. అంటే గట్టు పడవదే. దాని మీద గుడిసె వేసినా, పాక వేసినా తాడు తగులుకుంటుంది.

లారీ వచ్చి పడవను చంపిందంటారు. నాకైతే సగమే నిజమనిపిస్తుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు, పడవ బురదలో కూర్చుంటుంది. లారీకి ఆ బెడద లేదు. తాడు లాగేవాళ్లు పోయాక ఖాళీగా కనిపించిన గట్టు మీదికి ఒక్కొక్కటే బడ్డీ, పశువుల పాక, గడ్డిమేటు ఎక్కాయి.

మా డెల్టాలో పాత పెద్ద రేవు చూడాలంటే నరసాపురం వెళ్లాలి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే ముందు, ఉప్పు నీళ్లూ తీపి నీళ్లూ కలిసే చోట, 17వ శతాబ్దంలోనే ఓడలు కట్టారు. పక్కనున్న మాధవాయపాలెంలో ఇంగ్లీషు కంపెనీ కొట్టు పెట్టింది. అక్కడి నేత బట్టకు ఆ ఊరి పేరే పడి, 'మడపొల్లం'గా సీమకెళ్లింది. ఇప్పుడా రేవులో పంటు మీద మోటారు సైకిళ్లు, కార్లు సఖినేటిపల్లికి దాటుతున్నాయి. బట్ట పేరు నిఘంటువుల్లో ఉండిపోయింది, ఓడలే లేవు. దిగువన బియ్యపుతిప్ప దగ్గర చేపల రేవుకు 2022లో శంకుస్థాపన చేశారు.

మాకు దగ్గరి ఉప్పునీరు ఉప్పుటేరు. కొల్లేటి నీళ్లు సముద్రంలోకి పోవడానికి ఉన్న దారి అదొక్కటే, సుమారు 60 కిలోమీటర్లు. వానాకాలంలో నీరు కిందికి పోతుంది. వేసవిలో సరస్సు తగ్గితే పోటు నీళ్లు ఎగదన్నుతాయి. అందుకే కొల్లేరు ఒడ్డు ఇదీ అని గీత గీసి చూపలేం. శ్రావణంలో తాటి దోనె కట్టేసిన చోట వైశాఖంలో గేదెలు మేస్తుంటాయి. లంక ఊళ్లలో చదువు రాని ముసలాళ్లు కూడా 'ఐదో కాంటూరు' అంటారంటే కారణం ఇదే. 1999లో కొల్లేరు అభయారణ్యం హద్దును ఆ కాంటూరుతోనే, అంటే నేల ఎత్తును చూపే గీతతోనే, కట్టారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. గట్టు వేయడమే మా వైపు ఒడ్డును బాగుచేయడం. ఒకడు గట్టు వేసుకుంటే ఆ నీళ్లు వేరొకడి చేలో తేలతాయి. ఈ సంగతి తెలిసినవాళ్లే మళ్లీ గట్లు వేశారు.

నిజానికి మా రేవు చావలేదు, గట్టెక్కింది. తెల్లవారుజామున చెరువు గట్ల మీదికి వెళ్లి చూడండి. వల లాగాక బొచ్చె, శీలావతి తూకం వేసి, ట్రేలలో ఐసు మధ్య పేర్చి లారీకెక్కిస్తారు. అవి కలకత్తా, గౌహతి పోతాయి. వెనుకటి పడవల రేవులో ఉన్నట్టే కేకలు, లెక్కలు, టీ కొట్టు. మధ్యలో నీటి ప్రయాణం ఒక్కటే లేదు.

2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువల్ని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించినప్పుడు నేనూ మురిసిపోయాను. ఏలూరు కాలువ గట్టున పడవల రేవులు లేస్తాయనుకున్నాను. నేను చూసినంతలో ఇప్పటికీ ఆ కాలువలో ఎక్కువగా తేలేది గుర్రపుడెక్కే.

పడవలు తిరిగి రావాలని నేను పట్టుబట్టను. రాబోయే వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీస్తారు, గట్టుకు సిమెంటు గోడా కడతారు. ఆ గోడలో రేవుకు మెట్లు వదలమని పంచాయతీ పెద్దల్ని ఒక్కటే అడుగుతున్నాను. పోలి పాడ్యమి తెల్లవారుజామున అరటి దొప్పలు వదలడానికి మా ఆడవాళ్లు ఆ మెట్లే దిగాలి.