పస్కా పున్నమి, పిడికెడు బియ్యం



చాలాకాలం క్రితం ముస్తాబాదు ప్రాంతంలో తెలుగు పండితుడిగా పనిచేస్తున్నప్పుడు ఏడవ తరగతి బాలుడొకడు నన్నడిగాడు: "సార్, క్రిస్మస్ ఏటా ఒక్కటే తారీఖుకు వస్తది గదా, ఈస్టర్ ఎందుకు మారుతది?" పంచాంగం చూచి తిథివారాలు చెప్పగలనన్న గర్వం నాకుండేది. తెలియదని ఒప్పుకోలేక "పోయి మీ పాస్టరయ్యనడుగు" అని కసిరాను. వాడు తలవంచుకొని కూర్చున్నాడు. నిజానికి ఆ ప్రశ్నకు సగం సమాధానం నా చేతిలోని పంచాంగంలోనే ఉంది. విశ్రాంతి కాలంలో చదివి తెలుసుకొన్న మిగతా సగం కలిపి ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

నిర్గమకాండం ప్రకారం పస్కా ఆబీబు నెల పదునాలుగవ దినపు సాయంకాలం వస్తుంది. ఆబీబు అంటే యవల పచ్చివెన్ను. అంటే నెలకు పైరును బట్టి పేరు వచ్చింది. బబులోను చెర తరువాత దానికే నీసాను అన్న పేరు స్థిరపడింది. చాంద్రమానంలో పన్నెండు నెలలకు 354 రోజులే గనుక ఏటా సుమారు పదకొండు రోజులు తరుగుతుంది. ఆ తరుగును పూడ్చకపోతే పండుగ ఋతువు తప్పుతుంది. మన పల్లెల్లో పీర్ల పండుగ ఒకప్పుడు వానకాలంలో, మరొకప్పుడు ఎండకాలంలో రావడం అందరం చూచినదే. ఇస్లామీయ గణనలో అధికమాసం లేదు. పస్కాకు మాత్రం వసంతం తప్పకూడదు. అందుకే యూదులు పంతొమ్మిదేళ్ళలో ఏడుసార్లు, వసంతానికి ముందున్న అదారు మాసాన్ని రెండుసార్లు లెక్కిస్తారు. మనం సంక్రమణం లేని చాంద్రమాసాన్ని అధికమాసం అంటాం. దారులు వేరైనా అవసరం ఒక్కటే.

ఈ లెక్క స్థిరపడక పూర్వం యెరూషలేములో నెలవంకను చూచినవారి సాక్ష్యం విని పెద్దలు మాసారంభం ప్రకటించేవారు. ఒలీవల కొండ మొదలుకొని కొండకొండపై మంటలు వెలిగించి దూరప్రాంతాలకు కబురు తెలిపేవారు. మంటలతో మోసం జరగడంతో వార్తాహరులను పంపసాగారు. వారు చేరలేని దూరాన ఉన్నవారు సందేహం లేకుండా రెండు రోజులు పండుగ చేసుకొనేవారు. స్మార్తుల ఏకాదశి ఒకనాడు, వైష్ణవుల ఏకాదశి మరొకనాడు వచ్చినప్పుడు తికమకపడిన మనకు ఈ చిక్కు కొత్తది కాదు. నాలుగవ శతాబ్దంలో రెండవ హిల్లేలు గణితంతో పంచాంగాన్ని స్థిరపరచాడని యూదుల సంప్రదాయం.

యేసు సిలువ మరణం పస్కా దినాల్లోనే జరిగింది గనుక ఈస్టరూ ఆ పున్నమినే పట్టుకొని వచ్చింది. అయితే పదునాలుగవ దినాన్నే పాటించాలా, తరువాతి ఆదివారమా అన్న వివాదం తొలినాళ్ళలోనే పుట్టింది. సుమారు క్రీ.శ. 155లో స్ముర్న నుండి వృద్ధుడైన పొలికార్పు రోముకు వెళ్ళి అక్కడి బిషప్పు అనికేతుతో చర్చించాడు. ఎవరూ ఎవరినీ ఒప్పించలేకపోయారు. అయినా అనికేతు తన సంఘంలో ప్రభువు బల్లను ఆ వృద్ధునిచేతనే జరిపించి గౌరవించాడు. ఇద్దరూ సమాధానంతో విడిపోయారు. 325లో నైసియా సభ అందరూ ఒకే ఆదివారం చేయాలనీ, యూదుల గణనపై ఆధారపడరాదనీ తీర్మానించింది. తరువాత స్థిరపడిన సూత్రం ఇది: మార్చి 21న గాని, ఆపైన గాని వచ్చే పున్నమి దాటిన తొలి ఆదివారం. ఆ పున్నమి కూడా ఆకాశంలో చూచేది కాదు, పట్టికలో లెక్కించేది. 1582లో పోపు పదమూడవ గ్రెగరీ క్యాలెండరును సవరించాక తూర్పు సంఘాలు చాలావరకు పాత గణనతోనే ఉండిపోయాయి.

మెదకు మహాదేవాలయ ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది. నూరేళ్ళూ 2024లో అదే తారీఖున నిండాయి. ఈస్టరు మాత్రం 1924లో ఏప్రిల్ 20న రాగా 2024లో మార్చి 31న వచ్చింది. కారణం మన పంచాంగంలోనే కనిపిస్తుంది. 2024లో మార్చి 25 ఫాల్గుణ పూర్ణిమ, మన కాముని పున్నమి. చర్చి దానినే లెక్కలోకి తీసుకొంది. యూదులకు ఆ ఏడు అధిక అదారు పడింది గనుక పస్కా ఏప్రిల్ 22 సాయంకాలం మొదలైంది. మరునాడు మన చైత్ర పూర్ణిమ. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే తెలుగు యూదుల చిన్న సమాజముంది; 1991లో వారు సమాజమందిరం ఏర్పరచుకొన్నారు. తెలుగే మాట్లాడే ఇరుగుపొరుగుల నడుమ ఒకే మూలం గల రెండు పండుగలకు ఇలా ఒక్కోసారి వారాల తరబడి ఎడం వస్తుంది. 2025లో చైత్ర పున్నమి, పస్కా సాయంకాలం రెండూ ఏప్రిల్ 12నే పడ్డాయి. ఏప్రిల్ 20న తూర్పు పడమర సంఘాలన్నీ ఒక్కనాడే ఈస్టరు చేసుకొన్నాయి.

ఆ బాలుడు వారంపాటు బడికి రాకపోతే ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. శ్రమల కాలపు ఉపవాస దినాలు. నాయనమ్మ గడపలో చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతోంది. పిల్లవాడికి జ్వరమని చెప్పి, లోపలికి వెళ్ళి పొయ్యి మీద ఎసరు పెట్టింది. అందులో పోసే బియ్యం నుంచి పిడికెడు తీసి మూలనున్న కుండలో వేసింది. అది చర్చికట. "పండుగ ఎన్నడమ్మా?" అని అడిగాను. "తారీఖు పాస్టరయ్య జెప్తడు సారూ. దినాం పిడికెడు తీసుడు నా పని" అంది.

అప్పుడది మామూలు మాటగానే తోచింది. తరువాత లేవీయకాండం చదువుతూ ఆగిపోయాను. పస్కా తరువాత తొలి పనను అర్పించిన నాటి నుండి ఏడు వారాలు దినదినం లెక్కపెట్టి, యాభయ్యవ నాడు వారముల పండుగ చేయాలని అక్కడుంది. దానినే పెంతెకొస్తు అంటాం. యూదులు ఈనాటికీ ప్రతి రాత్రి ఆ దినసంఖ్యను పైకి పలుకుతారు. ఆ లెక్కకు వారు పెట్టుకొన్న పేరు ఓమెరు. ఓమెరంటే ధాన్యం కొలత.

పండుగ నాటిని నిర్ణయించడానికి పదిహేను వందల ఏళ్ళు పండితులు వాదించారు. ఆ నాటి వరకు నడవవలసిన దినాలను మాత్రం ఆ ముసలమ్మ ఏ పట్టికా లేకుండానే కొలుచుకొంది. ఆనాడు నేను కసిరిన బాలుడు ఈపాటికి నడివయస్సులో ఉంటాడు. ఎక్కడైనా ఇది చదివితే, నాయనా, నీ ప్రశ్న మంచిది. జవాబు ఆలస్యమైనందుకు నన్ను మన్నించు.