సత్రపట్టి: కట్టుగుడ్డ నేసే ఊరు
తమిళనాడు విరుదునగర్ జిల్లాలో, రాజపాళయానికి తూర్పున ఉన్న మరమగ్గాల ఊరు సత్రపట్టి. సత్రమనగా బాటసారుల విడిది. ఈ మాట తెలుగు, తమిళములు రెంటికీ సొంతమే. పొరుగున రాజపాళయంలో తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు తరతరాలుగా ఉన్నవి. వారిలో పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో నూలు మిల్లును స్థాపించారు.

సత్రపట్టి నేసేది చీరలు కాదు, ఆసుపత్రులకు వాడే కట్టుగుడ్డ. పలుచగా నేసిన గుడ్డను ఉడికించి, నూలులోని సహజమైన జిడ్డును తొలగించి, తెల్లబరచి, ఆరబెట్టి చుట్టలుగా కోస్తారు. జిడ్డు పోనిదే గుడ్డ నెత్తురును పీల్చదు; చూపులకు సామాన్యమైన ఈ గుడ్డకు అసలు పరీక్ష అదే. చవుకగా అమ్ముడుపోవలసిన సరుకు గనుక నూలు ధర పెరిగితే దెబ్బ మగ్గానికే. 2021-22లో తమిళనాడు మరమగ్గాలవారు ఆ కష్టమే పడ్డారు.