.315 తూటా: చట్టం నిలబెట్టిన బోరు

.315 బోరు (తుపాకీ గొట్టం లోపలి వ్యాసం, అంగుళాల్లో) తూటా ఇవాళ ప్రధానంగా భారతదేశంలోనే వాడుకలో ఉంది. పుట్టిల్లు మాత్రం ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యం. 1890లో ఆ దేశపు సైన్యం మాన్లిహర్ రైఫిళ్ల కోసం పొగరాని మందుతో చేసిన 8 మిల్లీమీటర్ల తూటాను ప్రవేశపెట్టింది. దాని ఇత్తడి గొట్టం పొడవు 50 మిల్లీమీటర్లు, అడుగున అంచు ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ సామ్రాజ్య సైనికులు పేల్చింది దీన్నే. 1930 ప్రాంతంలో ఆస్ట్రియా, హంగరీ మరో పెద్ద తూటాకు మారిపోవడంతో యూరప్‌లో దీని సైనిక జీవితం ముగింపుకొచ్చింది. అప్పటికే అది అంగుళాల లెక్కలో .315 అన్న పేరుతో బ్రిటిష్ ఇండియాలో స్థిరపడింది.

ఇక్కడికి రావడానికి కారణం వాయవ్య సరిహద్దు భయం. బ్రిటిష్ సైన్యం 1871 నుంచి వాడిన మార్టినీ–హెన్రీ తుపాకీ .450 బోరుది. సైన్యం .303 బోరుకు మారాక పాతబడిన ఆ తుపాకులు వేల సంఖ్యలో మస్కట్ మీదుగా, పర్షియన్ గల్ఫ్ దారిన అఫ్ఘన్, పఠాన్ తెగల చేతికి చేరాయి. తుపాకీ ఒకసారి చేతికొస్తే తరాలపాటు పనిచేస్తుంది, తూటా మాత్రం పేలగానే అయిపోతుంది. కాబట్టి తూటాను అడ్డుకుంటే తుపాకీ మూగబోతుందన్నది ప్రభుత్వం లెక్క. 1907లో ఇండియాకూ సూడాన్‌కూ .450 బోరు తుపాకులు, తూటాలు దిగుమతి కాకుండా నిషేధించింది. అప్పటిదాకా పులినీ ఏనుగునూ .450 రైఫిళ్లతో వేటాడిన దొరలకు దారి మూసుకుపోయింది. లండన్, బర్మింగ్‌హామ్ తయారీదారులు వెంటనే .465, .470, .475, .476 అంటూ కాస్త కాస్త తేడాతో కొత్త బోర్లు మార్కెట్లోకి తెచ్చారు. జంతువుకు ఆ తేడా తెలియదు. చట్టానికి మాత్రం అదే ముఖ్యం.

పోలీసుల తుపాకుల విషయంలోనూ ప్రభుత్వం ఇదే సూత్రం పాటించింది. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో లీ–ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల గొట్టాలను నున్నగా చేసి, ఒక్కో తూటా చొప్పున పేల్చే .410 మస్కెట్లుగా మార్చి పోలీసులకు, కాపలాదారులకు ఇచ్చారు. వాటిని ఎవరైనా ఎత్తుకుపోయినా సైన్యపు .303 తూటా వాటిలో పేల్చడానికి పనికిరాదు. ఇలాంటి జాగ్రత్త ఎందుకో తెలుగువారికి మన్యం చరిత్ర చెబుతుంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగా మూడు రోజుల్లో ముట్టడించింది. 26 తుపాకులతోపాటు రెండున్నర వేల పైచిలుకు తూటాలనూ పట్టుకుపోయింది. మందుగుండు లేని తుపాకీ కర్రతో సమానమని ఆ దళానికీ బాగా తెలుసు.

ఈ నేపథ్యంలో పౌరులకు .303 అందకుండా పోయాక, దాని స్థానంలో నిలిచింది .315. బర్మింగ్‌హామ్‌కు చెందిన బి.ఎస్.ఎ. కంపెనీ లీ–ఎన్‌ఫీల్డ్ తరహా యంత్రాంగం మీదే ఈ బోరు వేట రైఫిళ్లు తయారుచేసింది, కైనాక్ కంపెనీ తూటాలు అందించింది. రెండు తూటాలకూ అంచు ఉండటం, ఒత్తిళ్లలో పెద్ద తేడా లేకపోవడం వల్ల సైనిక రైఫిల్ నిర్మాణాన్ని పెద్దగా మార్చాల్సిన పని పడలేదు. శక్తి విషయంలో .315 పాతకాలపుదే. 244 గ్రెయిన్ల బరువైన, గుండ్రటి మొన ఉన్న బుల్లెట్ సెకనుకు సుమారు 2,000 అడుగుల వేగంతో వెళ్తుంది. .303లో 174 గ్రెయిన్ల మొనదేలిన బుల్లెట్ వేగం 2,440 అడుగులు. దూరం పెరిగేకొద్దీ .315 త్వరగా కిందికి జారుతుంది. అయినా అడవిలో నూరు గజాల లోపు అడవిపందికీ సాంబారుకూ అది చాలినంత.

స్వాతంత్ర్యం వచ్చాక పాలకులు మారారు, బోర్ల విభజన మారలేదు. 1959 ఆయుధ చట్టం, 1962 నియమావళి నిషిద్ధ, అనిషిద్ధ ఆయుధాల తేడాను కొనసాగించాయి. .303 నిషిద్ధం, .315 అనుమతించినది. ఇషాపూర్, తరువాత తిరుచిరాపల్లి ప్రభుత్వ కర్మాగారాలు .315 రైఫిల్ చేస్తే, పుణె దగ్గరి ఖడ్కీలో 1869లో మొదలైన మందుగుండు కర్మాగారం దాని తూటాలు చేసింది. ‘కె.ఎఫ్.’ ముద్ర ఉన్న తూటాలు ఆ ఖడ్కీవే. 1980ల మధ్యలో వ్యక్తుల తుపాకీ దిగుమతులకు ప్రభుత్వం దాదాపు తలుపులు మూసేయడంతో, కొత్త రైఫిల్ కావాలనుకున్న సామాన్య లైసెన్సుదారుకు .315 తప్ప చెప్పుకోదగ్గ ఎంపిక మిగలలేదు. అంతకు ముందే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను అడ్డుకుంది. వేటకు పుట్టిన రైఫిల్ పొలం కాపలాకు, ఇంటి రక్షణకు, సెక్యూరిటీ గార్డు భుజానికి మారింది. ముఖ్యంగా ఉత్తర భారతంలో అది హోదాకు గుర్తు కూడా అయింది.

ఈ ప్రాచుర్యానికి చీకటి పార్శ్వం ఉంది. చట్టబద్ధంగా దొరికే తూటా కాబట్టి, ఉత్తరప్రదేశ్, బీహార్, మధ్యప్రదేశ్‌లలో దొంగచాటుగా చేసే తపంచాలనూ (నాటు పిస్తోళ్లను) అదే బోరుకు చేయడం మొదలైంది. అక్కడి నేర వార్తల్లో 315 బోర్ తపంచా పేరు తరచూ కనిపిస్తుంది. శత్రువు చేతికి తూటా చిక్కకూడదని గీసిన గీత చివరికి నేరగాళ్లకు ఒక తూటాను చూపించింది. బోరును నిషేధించి ఆయుధాన్ని అదుపు చేయాలన్న ఆలోచన ఎంత బలహీనమో దీనికంటే స్పష్టంగా చూపే ఉదాహరణ అరుదు.

ధర మాటకొస్తే, ఈ తూటా ఖరీదు కావడానికి కారణాలున్నాయి. ఒక సైనిక తూటా కోట్ల సంఖ్యలో తయారవుతుంది, యంత్రాలు ఆగకుండా నడుస్తాయి. .315కు పౌరుల గిరాకీ తప్ప మరో ఆధారం లేదు. ఆ గిరాకీకీ చట్టమే పరిమితి పెట్టింది. ఏడాదికి ఎన్ని కొనాలో, ఒకేసారి ఎన్ని దగ్గర ఉంచుకోవాలో లైసెన్సులోనే ఉంటుంది. కొన్ని రాష్ట్రాల్లో పేల్చిన ఖాళీ గొట్టాలు అప్పగిస్తేనే కొత్తవి ఇస్తారు. కొద్ది మొత్తం కోసం ఇత్తడి, రాగి, సీసం కొని, అచ్చులు బిగించి, పరీక్షలు చేసి, భద్రతా నిబంధనల మధ్య డీలరు దాకా చేర్చే ఖర్చంతా తక్కువ తూటాల మీద పడుతుంది. చాలాకాలం పోటీదారు లేకపోవడంతో ధర తగ్గించాల్సిన ఒత్తిడీ రాలేదు. అమెరికాలో అరుదైన బోర్లు వాడేవారు ఖాళీ గొట్టాల్లో మళ్లీ మందు నింపుకుని ఖర్చు తగ్గించుకుంటారు. ఇక్కడ లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. ఫలితంగా రైఫిల్ ఉన్నవారిలో చాలామంది గురి సాధన చేయరు. కొన్న తూటాలను ఏళ్ల తరబడి దాచుకుంటారు. చేతిలో ఆయుధం ఉండి, దాన్ని వాడే నేర్పు లేకపోవడం భద్రతకు మంచిది కాదు.

ఇటీవలి కాలంలో నిబంధనలూ, తయారీ వ్యవస్థా మారాయి. 2016 ఆయుధ నియమావళి ప్రైవేటు తయారీకి లైసెన్సుల విధానాన్ని స్పష్టం చేసింది. 2019 సవరణ ఒక్కొక్కరు ఉంచుకోగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. 2021 అక్టోబర్ 1న ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడిపోయింది. ఖడ్కీ కర్మాగారం పుణె కేంద్రంగా ఉన్న మ్యునిషన్స్ ఇండియా కిందికి, ఇషాపూర్, తిరుచిరాపల్లి రైఫిల్ కర్మాగారాలు కాన్పూర్‌లోని అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చాయి. అలా రైఫిల్ ఒక కంపెనీ సరుకు, తూటా మరో కంపెనీ సరుకు అయ్యాయి.