అభిరుచి శిల్పంగా ఎలక్ట్రిక్ గిటారు నిర్మాణం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఎలక్ట్రిక్ గిటారు చరిత్రను ఫెండర్, గిబ్సన్ వంటి తయారీ సంస్థల చరిత్రగా చెప్పడం పరిపాటి. ఆ వాద్యపరిణామంలోని కొన్ని కీలకదశలు వృత్తినిర్మాతలు కాని వ్యక్తుల చేతుల్లో, జీతపు వేళలకు వెలుపల రూపుదిద్దుకున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1931 నుండి 1978 వరకు ఎంపిక చేసిన నిర్మాణాలను, ప్రధానంగా బ్రయాన్ మే తన తండ్రితో కలిసి చేసిన 'రెడ్ స్పెషల్' గిటారును పరిశీలించి, వాద్యాన్నే ఒక ఆకరంగా చదివే పద్ధతిని చర్చిస్తుంది. తెలుగులో వాద్యచరిత్ర రచనకు ఈ పద్ధతి ఎలా ఉపకరిస్తుందో సూచిస్తుంది.

కీలకపదాలు: ఎలక్ట్రిక్ గిటారు, అభిరుచి నిర్మాణం, పికప్, రెడ్ స్పెషల్, మెట్లు, వాద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

సంగీతచరిత్ర అనగానే మనకు వాగ్గేయకారులు, గాయకులు, వాదకులు గుర్తుకు వస్తారు. వాద్యాన్ని తయారుచేసినవారి ప్రస్తావన చాలా అరుదు. పాశ్చాత్యదేశాల్లో ఈ లోటు కొంత తీరినా, అక్కడ మరొక లోపం కనిపిస్తుంది. సంస్థలకు దస్త్రాలు, ప్రకటనలు, అమ్మకపు జాబితాలు ఉంటాయి కాబట్టి చరిత్ర వాటి వైపే మొగ్గుతుంది. ఇంట్లో తనకోసం ఒక్క గిటారు చేసుకున్న వ్యక్తికి దస్త్రం ఉండదు. అతడు వదిలి వెళ్ళేది ఆ గిటారును మాత్రమే. అటువంటి నిర్మాతను చరిత్రలోకి ఎలా తీసుకురావాలన్నది ఈ వ్యాసం ముందున్న ప్రశ్న. 'అభిరుచి నిర్మాణం' అనే మాటను ఇక్కడ అమ్మకం కోసం కాక, సొంత వాడుక కోసమో ప్రయోగం కోసమో చేసిన నిర్మాణం అనే అర్థంలో వాడుతున్నాను.

2. చెక్కపలక చాలునన్న గుర్తింపు:

వీణకు గాని, వయొలిన్‌కు గాని నాదాన్ని పెంచేది బోలుగా ఉన్న దేహం. పనసదుంగను తొలిచి, గోడల మందాన్ని చేతితో తెలుసుకుంటూ పలచన చేయడానికి ఏళ్ళ తరబడి శిక్షణ కావాలి. ఎలక్ట్రిక్ గిటారులో ఈ పనిని పికప్ చేస్తుంది. అయస్కాంతం చుట్టూ వెంట్రుక వంటి రాగితీగను వేల చుట్లు చుట్టగా ఏర్పడేదే పికప్. దాని మీదుగా ఉక్కుతంత్రి కంపించినప్పుడు అయస్కాంతక్షేత్రం మారి, తీగచుట్టలో స్వల్పవిద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తును ఆంప్లిఫయర్ పెంచి వినిపిస్తుంది. నాదాన్ని పెంచే బాధ్యత దేహం మీద లేకపోవడంతో దృఢమైన చెక్కపలక సరిపోతుంది. వడ్రంగంలో కొద్దిపాటి నేర్పు, విద్యుత్తు గురించి కొంత అవగాహన ఉన్న గృహస్థుడికి వాద్యనిర్మాణం అందుబాటులోకి రావడానికి మూలకారణం ఇదే.

3. తొలి ప్రయోగాలు:

లాస్ ఏంజిలెస్‌లో హవాయి పద్ధతిలో గిటారు వాయించే జార్జ్ బీచమ్ 1931లో ఈ సూత్రాన్ని ఆచరణలోకి తెచ్చాడు. తీగచుట్టడానికి అతడు బట్టలుతికే యంత్రపు మోటారును వాడుకున్నాడని చెబుతారు. తొలి నమూనాను చెక్కతో చేశారు. 1932లో అల్యూమినియంతో పోతపోసిన రూపం అమ్మకానికి వచ్చింది. గుండ్రని చిన్నదేహం, పొడవాటి దండి ఉండడం వల్ల దానికి 'ఫ్రైయింగ్ పాన్', అంటే వేపుడు పెనం, అనే పేరు స్థిరపడింది. బీచమ్‌కు పేటెంటు 1937లో లభించింది.

రెండవ ఉదాహరణ లెస్ పాల్. న్యూయార్క్‌లోని ఎపిఫోన్ కర్మాగారం మూసి ఉండే ఆదివారాల్లో అక్కడి పనిముట్లను వాడుకునే అనుమతి అతనికి దొరికింది. నాలుగు అంగుళాల చదరపు పైన్ దుంగకు దండిని, పికప్‌లను, తంత్రులను బిగించి అతడు చేసిన వాద్యం 'లాగ్', అంటే దుంగ, పేరుతో ప్రసిద్ధమైంది. దుంగను ఉన్నదున్నట్టుగా వాయిస్తే శ్రోతలు పట్టించుకోలేదని, మామూలు గిటారు దేహాన్ని రెండుగా కోసి రెండు పక్కలా తగిలించిన తరువాతనే ఆదరించారని అతడు చెప్పేవాడు. ఆ చెక్కలకు నాదంతో పెద్దగా సంబంధం లేదు. అవి శ్రోతల కంటికోసం చేసిన అలంకారం. గిబ్సన్ సంస్థ మొదట ఈ ఆలోచనను తిరస్కరించింది. 1952లో ఆ సంస్థే లెస్ పాల్ పేరుతో గిటారును విడుదల చేసింది.

లాగ్ నిర్మాణకాలం గురించి లెస్ పాల్ స్వయంగా చెప్పిన సంవత్సరాలు ఒకచోట ఉన్నట్లు మరొకచోట లేవు. 1940 ప్రాంతమని మాత్రం చెప్పవచ్చు. ప్రాచీనకావ్యాల పాఠాంతరాలతో పరిచయం ఉన్న తెలుగు పరిశోధకులకు ఇది కొత్త సమస్య కాదు. మౌఖికసాక్ష్యం మారుతున్నప్పుడు ప్రతిని ఆశ్రయించినట్లే, ఇక్కడ వాద్యాన్ని ఆశ్రయించాలి.

4. నాలుగు మరల మలుపు:

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే లియో ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు. 1950లో ఆయన విడుదల చేసిన గిటారు 1951 నుండి 'టెలికాస్టర్' అనే పేరుతో స్థిరపడింది. అంతవరకు దండిని దేహానికి జిగురుతో అతికించడం సంప్రదాయం. ఫెండర్ దానిని నాలుగు మరలతో బిగించాడు. మెట్లు అరిగితే దండి మొత్తాన్ని మార్చుకోవచ్చన్నది ఆయన ఆలోచన.

ఈ నిర్ణయానికి ఊహించని ఫలితం ఒకటి ఉంది. విడదీయగలిగే వస్తువును విడిగా అమ్మవచ్చు, విడిగా కొని కలపవచ్చు. 1970ల నాటికి దండులను, దేహాలను, పికప్‌లను వేరువేరుగా అమ్మే చిన్నసంస్థలు కాలిఫోర్నియాలో వెలిశాయి. 1976లో మొదలైన షెక్టర్ సంస్థ తొలిరోజుల్లో ఇటువంటి విడిభాగాల దుకాణమే. ఎడ్డీ వాన్ హేలెన్ లోపమున్న దేహాన్ని చవకగా కొని, వేరే దండి తగిలించి, గిబ్సన్ గిటారులోని పికప్‌ను అందులో అమర్చుకున్నాడు. 1978లో వచ్చిన అతని బృందపు తొలి ఆల్బమ్‌తో ఆ అతుకుల గిటారు లోకప్రసిద్ధమైంది. భారీ ఉత్పత్తికోసం చేసిన రూపకల్పనే అభిరుచి నిర్మాతకు తలుపు తెరిచింది.

5. రెడ్ స్పెషల్ - ఒక వస్తుపాఠం:

బ్రిటన్‌లో పరిస్థితి వేరు. అమెరికా వాద్యాల దిగుమతిపై ఉన్న ఆంక్షలు 1959లో సడలినా, సామాన్యకుటుంబాలకు వాటి ధర అందేది కాదు. లండన్ శివారులోని ఫెల్తమ్‌లో పదహారేళ్ళ బ్రయాన్ మే, ఎలక్ట్రానిక్స్ తెలిసిన తండ్రి హెరాల్డ్ మేతో కలిసి 1963 ఆగస్టులో గిటారు నిర్మాణం ప్రారంభించాడు. అది ముగియడానికి ఏడాదికి పైగా పట్టింది.

దండికి పాత పొయ్యిగూటి పైనుండే మహాగని చెక్కను వాడారు. అందులో పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. దేహం మధ్యభాగానికి పాత బల్లలోని ఓక్ చెక్క పనికివచ్చింది. మెట్ల మధ్య గుర్తులు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. స్వరాన్ని ఊపే ట్రెమలో అమరికలోని స్ప్రింగులు పాత మోటారుసైకిలు ఇంజనులోనివి. ఆ అమరికను కదిపే కడ్డీ సైకిలుకు సంచి తగిలించే కమ్మీ నుండి, దాని కొస అల్లికసూది నుండి వచ్చాయి.

తాళపత్రంలో పురుగు తిన్నచోట పరిష్కర్త గ్రంథపాతాన్ని గుర్తించి, పూరణను వేరుగా చూపుతాడు. అగ్గిపుల్లలతో పూడ్చిన ఆ రంధ్రాలను కూడా అలాగే చదవవచ్చు. ఆ ఇంట్లో ఏమి ఉన్నది, ఏమి లేదు, లేనిదాన్ని ఏ బుద్ధితో పూరించారు అన్న సంగతులను ఏ జమాఖర్చుల పుస్తకమూ ఇంత స్పష్టంగా చెప్పలేదు.

ఈ గిటారు అభిరుచి పరిమితులను కూడా నమోదు చేసింది. మే మొదట పికప్‌లను తానే తయారుచేశాడు. తంత్రిని పక్కకు లాగి స్వరాన్ని వంచినప్పుడు అయస్కాంతాల ధ్రువాల అమరిక వల్ల అవాంఛిత ధ్వని వచ్చింది. చివరకు బర్న్స్ సంస్థ పికప్‌లు మూడు కొని, ఈల శబ్దం రాకుండా వాటిని జిగురుతో నింపి వాడాడు. ఒక్కొక్క పికప్‌కు విడిగా స్విచ్చులు అమర్చడం మాత్రం వారి సొంత ఆలోచన. క్వీన్ బృందపు ప్రత్యేక నాదానికి ఆ అమరిక ఒక ఆధారం.

చెప్పదగిన మరొక విషయం ఉంది. గిటారు చేయడానికి చేయూతనిచ్చిన తండ్రే, కొడుకు ఖగోళభౌతిక పరిశోధనను వదిలి సంగీతాన్ని జీవనోపాధిగా ఎంచుకున్నప్పుడు వ్యతిరేకించాడు. అభిరుచిగా ఆమోదం పొందిన పని వృత్తిగా ఆమోదం పొందలేదు. తండ్రి మనసు మారడానికి న్యూయార్క్‌లో కొడుకు కచేరీని స్వయంగా చూడవలసి వచ్చింది. సౌరమండలంలోని ధూళి గురించి ఆపిన సిద్ధాంతగ్రంథాన్ని మే 2007లో పూర్తిచేసి ఇంపీరియల్ కళాశాల నుండి డాక్టరేట్ పొందాడు. మూడు దశాబ్దాల తరువాత పూర్తయిన ఆ పరిశోధన మనవంటివారికి ఓదార్పు కావచ్చు. ఈ వ్యాసానికి అవసరమైన అంశం మాత్రం తండ్రి వైఖరిలోని ఆ భేదమే.

6. మెట్ల లెక్క, మైనపు మెట్లు:

ఇంట్లో గిటారు చేసేవారికి క్లిష్టమైన పని మెట్ల స్థాననిర్ణయం. స్థాయిని 12 సమభాగాలుగా విభజిస్తే, మిగిలిన తంత్రి నిడివిని ప్రతి మెట్టు వద్ద 17.817తో భాగించాలి. తంత్రి 24 అంగుళాలు, అంటే 609.6 మిల్లీమీటర్లు ఉంటే, మొదటి మెట్టు 34.2 మిల్లీమీటర్ల దూరంలో, పన్నెండవది సరిగ్గా సగంలో, అంటే 304.8 మిల్లీమీటర్ల వద్ద పడతాయి. గెలీలియో తండ్రి విన్సెంజో గలిలీ 1581లో ల్యూట్ వాద్యానికి సూచించిన 18:17 నిష్పత్తిని పాటిస్తే పన్నెండవ మెట్టు సుమారు 2.2 మిల్లీమీటర్లు ముందే పడుతుంది. రంపంతో గాడి కోసిన తరువాత ఈ తప్పును దిద్దుకోవడం కష్టం.

రెడ్ స్పెషల్‌కు 24 మెట్లు. సరస్వతీవీణకు కూడా 24 మెట్లే. రెండింటా అవి రెండు స్థాయిలకు సరిపోతాయి. అయితే వీణమెట్లను మైనం మీద నిలుపుతారు. చెవి చెప్పినచోట మెట్టు నిలుస్తుంది, చెవి ఒప్పుకోకపోతే జరుగుతుంది. ఒకటి లెక్కను నమ్మిన నిర్మాణం, రెండవది శ్రుతిజ్ఞానాన్ని నమ్మిన నిర్మాణం. బొబ్బిలి ప్రాంతంలో ఒకే పనసదుంగ నుండి వీణను తొలిచే పద్ధతి పరంపరాగతవృత్తి. అభిరుచి నిర్మాణానికి అది పోలిక కాజాలదు. కాని నిర్మాతల పేర్లు చరిత్రలో వాదకుల పేర్ల చాటున ఉండిపోవడం రెండుచోట్లా ఒకటే.

తెలుగునేలతో నిజమైన సంబంధమున్న ఉదాహరణ పాలకొల్లులో 1969లో జన్మించిన యు. శ్రీనివాస్. జంటతంత్రులు నాలుగు ఉండే మాండొలిన్‌కు బదులుగా ఐదు ఒంటితంత్రుల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఆయన కర్ణాటకసంగీతానికి అనువుగా మలచుకున్నారు. జంటతంత్రులను సమంగా వంచడం కష్టం. ఒంటితంత్రి మీద గమకం సుగమం. సంగీతపు అవసరం వాద్యపు ఆకృతిని మార్చిన ఈ ఘట్టాన్ని మనం ఆయన ప్రతిభకు అనుబంధంగా చెబుతాం. అది వాద్యనిర్మాణచరిత్రలో కూడా ఒక అధ్యాయం.

7. ముగింపు:

ఈ పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. పికప్ వల్ల దేహనిర్మాణం సులభమై అభిరుచి నిర్మాణానికి వీలు కలిగింది. మరలతో బిగించిన దండి దానిని విస్తరింపజేసింది. రెడ్ స్పెషల్ వంటి వాద్యం లిఖితాధారం లేని నిర్మాతను చరిత్రకు అందించే ఆకరం కాగలదు. రెడ్ స్పెషల్ కథ మనకు తెలియడానికి దాని నిర్మాత ప్రసిద్ధుడు కావడం ఒక కారణమన్నది కూడా నిజమే. ప్రసిద్ధులు కానివారి వాద్యాలు అటకల మీద ఉంటాయి, వారసులు వాటిని పాతసామాను కింద అమ్ముతారు. తాళపత్రాల విషయంలో ఇటువంటి నష్టాన్ని మనం ఒకసారి చవిచూశాం. ఇళ్ళలో మిగిలిన వీణలు, హార్మోనియాలు, మార్చుకున్న మాండొలిన్లు, గిటార్ల కొలతలను, చెక్కను, మరమ్మతుల గుర్తులను, చేసినవారి మాటలను నమోదు చేయడం తెలుగుశాఖల క్షేత్రపరిశోధనలో భాగం కావాలి. ఆ పని చేయగలిగిన తరం ఇంకా మన మధ్యనే ఉంది.