పసిపొట్టకు 175 ఏళ్ల సీసా

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో మందుల వ్యాపారి విలియం వుడ్‌వర్డ్ 1851లో గ్రైప్ వాటర్ తయారుచేశాడు. 2026కి దానికి 175 ఏళ్లు. హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మెడికల్ షాపుల్లో ఇప్పటికీ ఆ పేరు చెబితే చాలు, సీసా చేతికొస్తుంది.

పసిపిల్లల కడుపునొప్పి అంతకన్నా ఎంతో పాతది. బిడ్డ పాలు వదిలేసి ఏడుస్తుంటే, పొట్ట బిగుసుకుని ముఖాన చెమట పోస్తుంటే కడుపునొప్పిగా గుర్తించమంది ప్రాచీన ఆయుర్వేద గ్రంథం కాశ్యప సంహిత. ఆ తర్వాతి వందల ఏళ్ల వైద్యమంతా అమ్మమ్మల చేతుల్లోనే నడిచింది. సానరాయి మీద అరగదీసిన వసకొమ్ము, బొడ్డు చుట్టూ ఇంగువ పట్టు, ఆముదం రాసి దీపం సెగకు వెచ్చబెట్టిన తమలపాకు.

వుడ్‌వర్డ్ కథ మాత్రం భలే రంజుగా ఉంటుంది. తూర్పు ఇంగ్లండు చిత్తడి నేలల్లో పిల్లలకు చలిజ్వరాలొస్తే ఇచ్చే మందు, పొట్ట బాధనూ తగ్గిస్తోందని గమనించాడాయన. సోయికూర గింజల నూనె, సోడా బైకార్బొనేట్, పంచదార, నీళ్లు కలిపాడు. వాటితోపాటు 3.6 శాతం ఆల్కహాలూ పోశాడు! బిడ్డ కిక్కురుమనకుండా పడుకుందంటే ఆ పుణ్యం సోయికూరదో, సారాదో! 1876లో ట్రేడ్‌మార్కు రిజిస్టరైంది. సీసా మీద రెండు చేతులా పాములు పట్టుకున్న పసివాడు గ్రీకుల హెర్క్యులిస్. మనకైతే బాలకృష్ణుడే గుర్తొస్తాడు. తరతరాల ఆడవాళ్లు ఒకరికొకరు అదే మందు సిఫార్సు చేసే దూరదర్శన్ ప్రకటన ఇంకా చాలామంది చెవుల్లో ఉంది. బ్రిటన్‌లో ఆల్కహాలు తీసేసింది 1992లో.

ఇక ఇప్పటి సంగతి గందరగోళం. బాలింతకు తోడుగా విజయవాడ రోడ్డు మీదుగా వచ్చి ఎల్బీనగర్‌లో బస్సు దిగే అమ్మమ్మ సంచిలో వసకొమ్ము ఉంటుంది. కానీ అమెరికా 1968లోనే ఆహారంలో వస వాడకూడదంది. ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప నీటిచుక్క కూడా వద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. డాక్టర్లు రాసే సిమెథికోన్ చుక్కలు సైతం పరీక్షల్లో ఉత్తుత్తి మందుకన్నా మెరుగని తేలలేదు.

నిజానికి పసిపిల్లల ఈ కడుపునొప్పి ఏడుపు ఆరో వారానికి ముదిరి, మూడు నాలుగు నెలలకు చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. పాలు పట్టాక భుజాన వేసుకుని వీపు తట్టండి, తేన్పు రానివ్వండి. కాళ్లు మెల్లగా మడిచి చాపండి. పచ్చటి వాంతి, జ్వరం, మలంలో రక్తం, గట్టిపడిన పొట్ట, పాలు తాగకపోవడం, వీటిలో ఏది కనబడినా ఇంటి వైద్యాలు మాని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.