మొదటి స్థానం ఎవరు లెక్కపెట్టారు? రాక్ అండ్ రోల్ ఎదుగుదలపై పాటల పట్టికల సాక్ష్యం

1955 జులై 9 నాటి బిల్‌బోర్డ్ పత్రికలో, దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడైన రికార్డుల పట్టికలో బిల్ హేలీ బృందం పాడిన 'రాక్ అరౌండ్ ది క్లాక్' మొదటి స్థానానికి వచ్చింది. ఎనిమిది వారాలు కదల్లేదు. అమెరికన్ పాటల చరిత్ర రాసేవాళ్లలో చాలామంది ఆ తేదీ దగ్గర గీత గీస్తారు: అటు పాత కాలం, ఇటు రాక్ అండ్ రోల్ కాలం. అయితే గీతకు అటూ ఇటూ ఉన్నవి చూస్తే కొంచెం తడబాటు తప్పదు. హేలీ పాట దించింది పెరెజ్ ప్రాడో వాద్యబృందం వాయించిన 'చెర్రీ పింక్ అండ్ యాపిల్ బ్లాసమ్ వైట్' అనే మాంబో బాణీని. హేలీని దించింది మిచ్ మిల్లర్ బృందగానం 'ది ఎల్లో రోజ్ ఆఫ్ టెక్సస్'. అది పంతొమ్మిదో శతాబ్దపు పాట. ఏడాది మొత్తానికి బిల్‌బోర్డ్ వేసిన లెక్కలో ప్రాడో మొదటివాడు, హేలీ రెండోవాడు. 1956 మొదట్లో శిఖరమెక్కిన కే స్టార్ పాట పేరు 'రాక్ అండ్ రోల్ వాల్ట్జ్'. పేరులో రాక్ అండ్ రోల్ ఉంది, నడక మాత్రం త్రిశ్రం.

గీత అలుక్కుపోయినట్టే ఉంది. అందుకే ప్రశ్నను మార్చి అడగాలనిపిస్తుంది. ఈ పట్టికల్లో మనకు కనిపిస్తున్నది కొత్త సంగీతం పుట్టడమా, లేక ఎప్పటినుంచో ఉన్న సంగీతం పట్టికలు వేసేవాళ్ల కంటబడటమా? నా మొగ్గు రెండోదాని వైపు. పూర్తిగా మాత్రం కాదు. ఎందుకో చివర్లో వస్తుంది.

ముందు పట్టికలు ఎలా తయారయ్యేవో చూద్దాం. 1955 నడిమికి బిల్‌బోర్డ్ పాప్ పాటలకు మూడు ప్రధాన పట్టికలు వేస్తోంది: దుకాణాల్లో అమ్మకాలది ఒకటి, జ్యూక్‌బాక్సుల్లో మోగినవాటిది ఒకటి, రేడియోలో డిస్క్ జాకీలు వేసినవాటిది ఒకటి. వీటితోపాటు 1955 నవంబరులో 'టాప్ 100' అనే ఉమ్మడి పట్టిక వచ్చింది. ఇప్పటికీ నడుస్తున్న 'హాట్ 100' 1958 ఆగస్టులో మొదలైంది. వీటిలో ఏదీ దేశంలో అమ్ముడైన ప్రతి రికార్డునూ లెక్కపెట్టింది కాదు. పత్రికవాళ్లు కొందరు దుకాణదారులను, జ్యూక్‌బాక్స్ యజమానులను, జాకీలను అడిగి, వాళ్లు చెప్పినదాన్ని బట్టి వరుస కూర్చేవారు. అటక మీద పేరుకుపోయిన సరుకును 'బ్రహ్మాండంగా పోతోంది' అని చెప్పుకోవాలన్న ఆశ దుకాణదారుకు ఉండొచ్చు. జ్యూక్‌బాక్స్ యజమాని తాను పెట్టిన పాటల గురించే చెప్పగలడు, పెట్టని పాట ఎంత మోగేదో అతనికేం తెలుసు? సినిమా వంద రోజుల కేంద్రాల లెక్క మీద అభిమానుల తగువులు విన్న తెలుగువాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

జాకీల పట్టికకు ఇంకో మచ్చ ఉంది. పాట వేసినందుకు కంపెనీల నుంచి లోపాయికారీగా డబ్బు తీసుకునే అలవాటు మీద 1959, 60ల్లో అమెరికన్ కాంగ్రెసు విచారణలు జరిపింది. ఆ గొడవలో చితికిపోయినవాడు అలన్ ఫ్రీడ్. క్లీవ్‌లాండ్‌లోనూ తరవాత న్యూయార్క్‌లోనూ రేడియోలో 'రాక్ అండ్ రోల్' అన్న పేరును జనం నోళ్లలో నానేలా చేసిన జాకీ అతనే. 1955లో చక్ బెర్రీ 'మేబెలీన్' వచ్చినప్పుడు దాని రచయితల్లో ఒకడిగా ఫ్రీడ్ పేరు కూడా వేశారు. ఆ పాటను పదేపదే వేసినవాడికి దాని రాయల్టీలోనూ వాటా ఉందన్నమాట. అలాంటివాడు చెప్పిన వరుసను శ్రోతల అభిరుచిగా చదవడం కష్టం.

అంతకంటే పెద్ద సంగతి, పట్టికలే జాతి గీత వెంబడి విడిపోయి ఉండటం. 1942లో 'హార్లెమ్ హిట్ పరేడ్'గా మొదలైనది కొన్నేళ్లకు 'రేస్' రికార్డుల పట్టికైంది. 1949లో, అప్పటికి బిల్‌బోర్డ్‌లో పనిచేస్తున్న జెర్రీ వెక్స్లర్ సూచనతో, 'రిథమ్ అండ్ బ్లూస్' అయింది. పేరు మర్యాదస్తమైంది కానీ, లెక్క మాత్రం నల్లవారి పేటల్లోని దుకాణాలు, జ్యూక్‌బాక్సుల దగ్గరే సాగింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ పట్టిక నమోదు చేసింది కొన్న చోటును, కొన్నవాడి రంగును కాదు. తెల్లవారి పేట కుర్రాడు ఊరి అవతలికి వెళ్లి ఫ్యాట్స్ డొమినో రికార్డు కొనుక్కొచ్చినా అది రిథమ్ అండ్ బ్లూస్ ఖాతాలోనే పడుతుంది. రేడియో తరంగాలకైతే పేటల హద్దే లేదు. మెంఫిస్‌లో డబ్ల్యూడీఐఏ స్టేషన్ 1940ల చివర్లోనే నల్లవారి శ్రోతల కోసం కార్యక్రమాలు నడపడం మొదలుపెట్టింది, 1954లో 50,000 వాట్ల శక్తికి ఎదిగింది. దాన్ని ఏయే ఇళ్లలో విన్నారో ఏ పట్టికా చెప్పదు.

పాప్‌కు పక్కగదిలాంటి ఈ రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ఏం మోగుతోందో చూస్తే 1955 అంత కొత్తగా అనిపించదు. రాయ్ బ్రౌన్ 1947లో రికార్డు చేసిన 'గుడ్ రాకిన్ టునైట్'ను 1948లో వైనోనీ హారిస్ పాడి ఆ పట్టికలో మొదటి స్థానానికి తెచ్చాడు. 1949 డిసెంబరులో న్యూ ఆర్లీన్స్‌లోని కాసిమో మటాసా స్టూడియోలో డొమినో 'ది ఫ్యాట్ మ్యాన్' రికార్డు చేశాడు. 1951లో మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ స్టూడియోలో ఐక్ టర్నర్ బృందం 'రాకెట్ 88' వాయించింది. దెబ్బతిన్న యాంప్లిఫయరులో కాగితాలు కుక్కి వాయించారని, గిటారుకు ఆ గరగర అందుకే వచ్చిందని చెబుతారు. వీటిలో తొలి రాక్ అండ్ రోల్ రికార్డు ఏది అన్న చర్చ పుస్తకాలకు పుస్తకాలే సాగింది. నాకు అందులో ఆసక్తి లేదు. ఇవన్నీ 1955కు ముందే ఒక పట్టికలో పైన ఉన్నాయి, రెండో పట్టికలో పెద్దగా కనిపించలేదు. మన ప్రశ్నకు అంతవరకే కావాలి.

అయినా పట్టికల్ని తప్పుపట్టి ఊరుకుంటే సాక్ష్యం అయిపోదు. మరో దారిలో పరీక్షించే వీలును 'రాక్ అరౌండ్ ది క్లాక్' పాటే ఇస్తుంది. 1954 ఏప్రిల్ 12న న్యూయార్క్‌లోని పైథియన్ టెంపుల్‌లో డెక్కా కంపెనీ దాన్ని రికార్డు చేసింది. నిర్మాత మిల్ట్ గేబ్లర్. రిథమ్ అండ్ బ్లూస్ గాయకుడు లూయీ జోర్డాన్ రికార్డుల వెనక ఉన్నదీ ఇతనే. ఆ రోజు కంపెనీ ఆశలు పెట్టుకున్నది ఈ పాట మీద కాదు, 'థర్టీన్ విమెన్' అనే మరో పాట మీద. మన పాటను ప్లేటు రెండో వైపున వేశారు. మే నెలలో విడుదలైంది. ఒక్క వారం 23వ స్థానంలో కనిపించి మాయమైంది.

పదినెలల తరవాత, 1955 మార్చిలో, 'బ్లాక్‌బోర్డ్ జంగిల్' సినిమా వచ్చింది. దర్శకుడు రిచర్డ్ బ్రూక్స్, కథానాయకుడు గ్లెన్ ఫోర్డ్. న్యూయార్క్ బడిలో దారితప్పిన కుర్రాళ్ల కథ. పేర్లు పడుతుంటే హేలీ పాట మోగింది. ఫోర్డ్ కొడుకు పీటర్ తన రికార్డుల గుట్టలోంచి ఆ ప్లేటును దర్శకుడికి ఇచ్చానని తరవాత చెప్పుకున్నాడు. అప్పటికి అతను ఇంకా ప్రాథమిక పాఠశాల పిల్లాడు. తండ్రి హాలీవుడ్ తార కాబట్టి ఆ గుట్ట దర్శకుడి చెవిదాకా వెళ్లింది.

ఇక్కడ కాస్త ఆగాలి. 1954లో ఓడిన పాట, 1955లో గెలిచిన పాట ఒకటే. మరో గాయకుడు పాడింది కాదు, అదే రికార్డింగ్. కాబట్టి ఆ గెలుపుకు కారణం సంగీతంలో వచ్చిన మార్పు కాదు. వినిపించిన చోటు మారింది, వినిపించిన గట్టితనం మారింది, విన్నవాళ్లు మారారు. ఒక్క పాటతో సూత్రం కట్టలేం, నిజమే. కానీ గీత గీసినవాళ్లు ఈ పాట మీదే గీశారు కాబట్టి దీనికి తూకం ఎక్కువ.

మళ్లీ పాడిన పాటల సంగతి కూడా దాదాపు ఇదే చెబుతుంది. 1954 వేసవిలో కార్డ్స్ అనే నల్లవారి బృందం పాడిన 'ష్-బూమ్' పాప్ పట్టికకు ఎక్కింది. దాన్నే తెల్లవారి బృందం క్రూ కట్స్ పాడి మొదటి స్థానంలో వారాల తరబడి కూర్చుంది. మరుసటి ఏడాది డొమినో 'ఎయింట్ దట్ ఎ షేమ్' పాప్ పట్టికలో పదో స్థానం దాకా వచ్చింది; పాట్ బూన్ పాడింది మొదటిదాకా వెళ్లింది. అప్పటి కాపీరైట్ చట్టం బాణీకీ మాటలకూ కాపు కాసేది, పాడిన తీరుకు కాదు. 'ట్వీడిల్ డీ' పాడిన లావర్న్ బేకర్, తన పాటను జార్జియా గిబ్స్ అచ్చం తన ఫక్కీలోనే పాడి పెద్ద హిట్ చేసుకోవడంతో, కాంగ్రెసు సభ్యుడు చార్ల్స్ డిగ్స్‌కు ఫిర్యాదు రాసింది. చట్టం మారలేదు. 1956లో 'టుటి ఫ్రుటి' విషయంలో బూన్ 12వ స్థానం, దాన్ని మొదట పాడిన లిటిల్ రిచర్డ్ 17వ స్థానం. కొద్దినెలలకే 'లాంగ్ టాల్ సాలీ'తో లిటిల్ రిచర్డ్ బూన్‌ను దాటేశాడు. ఆ రెండు పాటల నడుమ సంగీతం పెద్దగా మారలేదు. అసలు గొంతు కావాలనేవాళ్లు పెరిగారని చెప్పవచ్చు, అంతకుమించి చెప్పడానికి ఈ అంకెలు చాలవు.

ఇదంతా 1955 చుట్టూనే ఎందుకు జరిగింది? సాధారణంగా వినిపించే జవాబు, రెండో ప్రపంచయుద్ధం తరవాత పుట్టిన తరం కౌమారానికి రావడం. సామాజికశాస్త్రవేత్త రిచర్డ్ పీటర్సన్ 1990లో రాసిన వ్యాసంలో దీన్ని మామూలు కూడికతో పడగొట్టాడు: 1946లో పుట్టిన పిల్లలకు 1955లో తొమ్మిదేళ్లు. ఆ ఏడాది పదహారేళ్లున్నవాళ్లు పుట్టింది జననాలు తక్కువగా ఉన్న కాలంలో. పీటర్సన్ వెతికింది వినేవాళ్లలో కాదు, వినిపించేవాళ్లలో. పాటల హక్కుల సంస్థ యాస్కాప్‌తో రేటు తగువు వచ్చి 1941లో రేడియోలు నెలల తరబడి దాని పాటలు వేయకపోవడంతో, పోటీగా పుట్టిన బీఎంఐ దగ్గర నల్లవారి పాటలకూ పల్లెపాటలకూ చోటు దొరికింది. టీవీ వచ్చి పెద్ద కార్యక్రమాలను లాక్కుపోవడంతో చిన్న రేడియో స్టేషన్లు రికార్డుల మీదే బతికాయి. పది అంగుళాల లక్క ప్లేటు చేయి జారితే పగిలేది. లక్కలో చాలాభాగం మన దేశం నుంచి వెళ్లేది, యుద్ధకాలంలో దానికీ కరువొచ్చింది. ఆర్‌సీఏ విక్టర్ 1949లో తెచ్చిన ఏడంగుళాల వినైల్ ప్లేటు తేలికగా ఉండేది, టపాలో పంపినా చెక్కుచెదరదు. పెద్ద పంపిణీ బలగం లేని చిన్న కంపెనీ కూడా దాన్ని దేశమంతా జాకీలకు పంపగలిగింది.

పీటర్సన్ వాదన నాకు చాలావరకు ఒప్పుదల. ఒక చోట మాత్రం ఆగిపోతాను. తలుపు ఎలా తెరుచుకుందో అతను చెబుతాడు. అందులోంచి మాంబో కాకుండా ఇదే ఎందుకు వచ్చిందో చెప్పడు. 1952 మార్చిలో క్లీవ్‌లాండ్ అరీనాలో ఫ్రీడ్ పెట్టిన 'మూన్‌డాగ్ కొరొనేషన్ బాల్'కు హాలు పట్టనంత జనం వచ్చి, తలుపులు విరగ్గొట్టి, కార్యక్రమం మొదట్లోనే ఆగిపోయింది. తెల్లకుర్రాళ్ల తిరుగుబాటుకు ఇది నాందని రాసినవాళ్లున్నారు. కానీ ఆ జనంలో అత్యధికులు నల్లవారే. ఆ సంగీతానికి గిరాకీ అప్పటికే ఉంది, పాప్ పట్టికలు చూసే చోట లేదు.

కొలిచే తీరు మారితే పట్టిక ఎంత మారుతుందో తెలియడానికి ముప్పై ఆరేళ్లు ముందుకు వెళ్లాలి. 1991 మేలో బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికకు దుకాణదారుల మాట వదిలి, సౌండ్‌స్కాన్ సంస్థ బార్‌కోడ్ల నుంచి తీసిన అమ్మకాల లెక్క వాడటం మొదలుపెట్టింది. నెల తిరక్కుండా ఎన్‌డబ్ల్యూఏ ర్యాప్ ఆల్బమ్ మొదటి స్థానంలో ఉంది. సెప్టెంబరులో కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ ఆల్బమ్ నేరుగా మొదటి స్థానంలోనే ప్రవేశించింది. నెలరోజుల్లో జనం చెవులు మారిపోవు.

ఇక నేను పూర్తిగా మొగ్గలేనని ఎందుకన్నానో చెప్పాలి. 1956లో ఎల్విస్ ప్రెస్లీ 'హౌండ్ డాగ్', 'డోంట్ బీ క్రుయెల్' ఒకే ప్లేటు రెండు వైపులా వచ్చి పాప్, కంట్రీ, రిథమ్ అండ్ బ్లూస్ మూడు పట్టికల్లోనూ మొదటి స్థానం పట్టాయి. కొన్ని నెలల ముందే కార్ల్ పెర్కిన్స్ 'బ్లూ స్వేడ్ షూస్' మూడింటిలోనూ పైకెక్కింది. మూడు రకాల దుకాణాలవాళ్లు, ఒకరికొకరు సంబంధం లేకుండా, ఒకే ప్లేటు పేరు చెప్పారు. దీన్ని కొలత లోపం అని కొట్టిపారేయలేం. ఏదో నిజంగానే కలిసింది. అయితే అదే సంవత్సరం విడుదలైన హ్యారీ బెలఫాంటే 'కలిప్సో' ఆల్బమ్ పట్టికలో 31 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఎల్‌పీ ఖరీదు పెట్టగలిగిన ఇళ్లలో రాజ్యం వేరే ఉన్నట్టుంది.

ఒక చిన్న ముక్క మిగిలింది. 'రాక్ అరౌండ్ ది క్లాక్' నడుమ జల్లులా దూకే గిటారు వరస వాయించినది డానీ సెడ్రోన్. అదే వరసను అతను 1952లోనే హేలీ పాట 'రాక్ ది జాయింట్'లో వాయించాడు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1954 ఏప్రిల్ 12 నాటి పనికి అతనికి ముట్టింది 21 డాలర్లు. జూన్ 17న మెట్ల మీద నుంచి పడి చనిపోయాడు. అతని వేళ్లు జనం చెవిన పడి పాట మొదటి స్థానానికి వచ్చేసరికి మరో ఏడాది గడిచింది.